శ్రీనాథుడు తిన్న తిలపిష్టం, తొడిగిన కూర్పాసం ఎలా ఉండేవి?

అందరికీ నమస్కారం. కన్నడ రాజ్యానికి వెళ్లిన శ్రీనాథుడు చెప్పాడనే చాటుపద్యం మీకు తెలిసే ఉంటుంది. కుల్లాయి పెట్టాడు, కోక చుట్టాడు, కూర్పాసం తొడిగాడు. వెల్లుల్లి, తిలపిష్టం తిన్నాడు, చల్లా అంబలీ తాగాడు. అంత పెద్ద కవి అలవాటు లేని వేషం వేసి, రుచించని తిండి తిని, చివరికి కన్నడ రాజ్యలక్ష్మితో ‘తల్లీ, దయ లేదా’ అనడం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మా అమ్మాయి ఈ పద్యాన్ని స్కూల్లో వేషంతో సహా చెప్పబోతోంది. తిలపిష్టం అంటే నూరిన నువ్వుల ముద్దా, నూనె తీశాక మిగిలే తెలగపిండా? బాలింతలకు మనం ఇప్పటికీ తెలగపిండి కూరలో వెల్లుల్లి దండిగా వేసి పెడతాం కదా, అందుకే ఈ అనుమానం. కూర్పాసం మోకాళ్ల దాకా వచ్చే అంగీనా, కురచ చొక్కానా? బట్ట కుట్టించాలి, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.