పాత తెలుగు పుస్తకాల ఓసీఆర్‌లో అరసున్నలు పోతున్నాయి, దారి చెప్పండి

హన్మకొండలో పీహెచ్‌డీ చేస్తున్నాను. అంశం నిజాం కాలపు గ్రంథాలయోద్యమం. 1904లో ఇక్కడ వెలిసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం లాంటి సంస్థల గురించి చదవాలంటే 1920, 30ల నాటి అచ్చు పుస్తకాలే ఆధారం. జిరాక్సుకు ఒత్తితే కాగితం విరుగుతుంది. అందుకే కిటికీ వెలుగులో ఫోన్‌తో ఫొటోలు తీసి తెలుగు ఓసీఆర్‌కు (ఫొటోలోని అక్షరాలను టైపు పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్) ఇస్తున్నాను.

మామూలు మాటలు బాగానే వస్తున్నాయి. అరసున్న (ఁ) మాత్రం ఎగిరిపోతోంది, లేదంటే నిండు సున్న అవుతోంది. బండి ఱ వేరే అక్షరంగా మారుతోంది. త వత్తు, న వత్తు తారుమారు. కుట్టు వైపు వంగిన వరుసలైతే అసలు అందడం లేదు. ఉద్ధరణలు మూలంలో ఉన్నట్టే ఇవ్వాలి కదా, ఒక్క అరసున్న పోయినా అది తప్పు పాఠమే.

ఫొటో స్పష్టతను 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) నుంచి 600కు పెంచాను, తేడా లేదు. నలుపు తెలుపు చేస్తే వెనక పేజీ సిరా కూడా తేలి ఇంకా పాడైంది. పేజీ వంపు సరిచేసే యాప్‌తో వరుసలు కొంత నయం, అక్షరాలు అంతే. చేత్తో దిద్దితే పేజీకి అరగంట పడుతోంది, పుస్తకాలేమో బోలెడున్నాయి.

పాత అచ్చు పేజీలతో ఓసీఆర్‌కు సొంతంగా శిక్షణ ఇచ్చినవాళ్లు చెప్పండి: అరసున్న, ఱ నిలబడాలంటే సుమారు ఎన్ని పేజీలు దిద్ది ఇవ్వాల్సి వచ్చింది?