ముత్తాతగారి ఇంటిపేరును పాత పత్రికల్లో ఎలా వెతకాలి?

ఖరగ్‌పూర్ తెలుగు:
మా ముత్తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగం దొరికి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డారు. మా ఇంటిపేరు వేమవరపు. స్వగ్రామం ఏదో ఇప్పుడు ఇంట్లో చెప్పగలిగినవారు లేరు. బెజవాడలో కాంగ్రెసు సమావేశం జరిగిన ఏడు ఆయన తిలక్ స్వరాజ్య నిధికి చందా ఇచ్చారనీ, ఆ సంగతి ఆంధ్రపత్రికలో అచ్చయిందనీ మా నాయనమ్మగారు పదేపదే చెప్పేవారు. అంతర్జాలంలో ఉన్న పాత ప్రతుల్లో ఇంటిపేరు టైపు చేసి ఎన్నిసార్లు వెతికినా ఒక్క ఫలితమూ రావడం లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరా?

పాతపుటలు:
ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికల ప్రతులు పుటల ఫోటోలు మాత్రమేనండీ. వాటి వెనుక టైపు చేసిన పాఠం లేదు కనుక మీరు పేరు కొడితే రాదు; పుట తరువాత పుట కంటితోనే చూడాలి. అందుకే ముందు తేదీని కుదించుకోండి. బెజవాడ సమావేశం 1921 మార్చి 31న, ఏప్రిల్ 1న జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయడానికి జూన్ 30 గడువు పెట్టారు. కాబట్టి ఏప్రిల్ నుంచి జూలై వరకు చూస్తే చాలు. ఆ ఏడు ఉగాది ఏప్రిల్‌లో వచ్చింది, కనుక సంవత్సరం పేరు మొదట రౌద్రి అనీ, తరువాత దుర్మతి అనీ కనిపిస్తే తికమకపడవద్దు.

రెండో చిక్కు ఇంటిపేరుదే. ఆనాటి జాబితాల్లో దాన్ని పూర్తిగా వేయడం తక్కువ. మా తాతగారి పేరు కోసం నేను పదకొండు సాయంత్రాలు కూర్చున్నాను. చివరికి ఒక మూల, పొడి అక్షరం, పేరు, ఎదురుగా 'రు. 2-8-0' అని కనబడింది. రెండు రూపాయల ఎనిమిది అణాలు! ఆయన అని నేను నమ్మింది ఆ పేరును చూసి కాదు, జాబితా నెత్తిన ఉన్న మా ఊరి పేరును చూసి. మీరూ 'వేమవరపు' కోసం కాక 'వే.' కోసం చూడండి.

గోదారిగట్టు:
పైవారు చెప్పినదానికి ఒక్క మాట చేర్చాలి. మీ ముత్తాతగారు అప్పటికే ఖరగ్‌పూర్‌లో ఉంటే ఆయన చందా ఆ ఊరి కిందే పడుతుంది, కనుక స్వగ్రామం ఆ జాబితాలో దొరకదు. కాకరపర్రు నుంచి కాకరపర్తి, వేమూరు నుంచి వేమూరి వచ్చినట్టే వేమవరం నుంచి వేమవరపు వచ్చింది. అయితే వేమవరం అనే ఊళ్లు ఒకటికి మించి ఉన్నాయి. పైగా ఊరిపేరు నుంచి పుట్టిన ఇంటిపేరు వేర్వేరు కులాల్లోనూ ఉంటుంది కాబట్టి, గోత్రమో మరొక బంధువు పేరో కలిసేవరకు 'మావాళ్లే' అని రాసుకోకండి. ఈ పొరపాటు వల్ల మా బంధువర్గంలో ఒక వంశవృక్షం మొత్తం చెరిపి మళ్లీ గీయాల్సి వచ్చింది.

స్వగ్రామం కోసం మరో దారి చూడండి. దూరదేశాలకు, రైల్వే కాలనీలకు వెళ్లినవారు సొంత ఊరి గ్రంథాలయానికో గుడికో డబ్బు పంపడం ఆ రోజుల్లో మామూలే. అయ్యంకి వెంకటరమణయ్యగారు నడిపిన 'గ్రంథాలయ సర్వస్వం' పత్రికలో గ్రంథాలయోద్యమ వార్తలు ఉంటాయి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల పాత పత్రికల సంపుటాలు చూడవచ్చు. వెళ్లేముందు ఏ సంవత్సరాలు కావాలో ఉత్తరం రాసి కనుక్కోండి.

ఖరగ్‌పూర్ తెలుగు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు రాత్రులుగా ఏప్రిల్, మే ప్రతులు తిరగేశాను. నిన్న ఒక పుట అడుగున 'ఖర్గపూరు ఆంధ్రులు' అన్న శీర్షిక, దాని కింద నాలుగో వరుసలో 'వే.' దొరికాయి. పక్కనున్న పేరు మీద సిరా అలుక్కుపోయి ఉంది. రూపాయి మాత్రం స్పష్టంగా ఉంది. అదే తేదీ అసలు కాగితపు ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ వరుస చదివి చెప్పమని వేడుకుంటున్నాను. జూన్ ప్రతులు ఈ రాత్రి మొదలుపెడతాను.