గులాబీ కోతల రోజుల్లో బల్గేరియా ప్రయాణం: కజాన్‌లక్ బస, వీసా, భోజనం గురించి సలహా కావాలి

ప్రశ్న (కడియపులంక, నర్సరీ రైతు)

అందరికీ నమస్కారం. మాది కడియపులంక. తాతగారి కాలం నుంచి మొక్కల పెంపకమే మా జీవనాధారం. బల్గేరియాలో కజాన్‌లక్ అనే ఊరి చుట్టూ అత్తరు కోసమే గులాబీ సాగు చేస్తారని, కోత రోజుల్లో ఆ లోయంతా పరిమళిస్తుందని చాలా ఏళ్లుగా వింటున్నాను. తొలకరి పడిందంటే లారీల లోడింగ్‌తో మాకు ఊపిరి ఆడదు కనుక, అంతకు ముందే, రోహిణి కార్తెలో, నేనూ నా భార్యా మా అమ్మగారూ కలిసి పది రోజులు వెళ్లి రావాలని నిశ్చయించుకున్నాం.

రాజధాని సోఫియాలో బస చేసి, ఒక్క రోజులో కజాన్‌లక్ చూసి రావచ్చని మా ట్రావెల్ ఏజెంటు అంటున్నారు. అది సరైన పద్ధతేనా? మా ఆదాయమంతా వ్యవసాయ ఆదాయమే కాబట్టి ఐటీ రిటర్నులు లేవు. వీసాకు అది అడ్డవుతుందా? ఆ దేశంలో యూరోలు చెల్లుతాయని ఒకరు, లెవాలు కొనుక్కోవాలని మరొకరు చెబుతున్నారు. మా అమ్మగారు మాంసం, చేపలు, గుడ్డు ముట్టరు. ఆవిడ వయసు 68 ఏళ్లు. అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

జవాబు (అమలాపురం)

రైతుగారూ, మీ ప్రశ్నలన్నింటిలో మొదటిదే ముఖ్యమైనది. సోఫియాలో ఉండి ఒక్క రోజులో కజాన్‌లక్ చూసి రావడమంటే గులాబీ కోతను చూడకుండా వెనక్కి రావడమే. మేము ఆ పొరపాటు చేశాం కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 200 కిలోమీటర్లు. మమ్మల్ని తీసుకువెళ్లిన వాహనం ఉదయం ఏడు గంటలకు బయలుదేరింది. మేము చేరేసరికి చేలల్లో మనిషి లేడు, కోసిన పువ్వు అప్పటికే తైలం తీసే బట్టీలకు వెళ్లిపోయింది. ఆ రోజు మా ఆవిడ ముఖం చూడలేకపోయాను.

అక్కడ తెల్లవారుతుండగానే కోత మొదలవుతుంది, తొమ్మిది పది గంటలకల్లా ముగుస్తుంది. ఎండ ముదిరితే పువ్వులోని తైలం ఆవిరైపోతుంది. అందుకే మంచు తడి ఆరకముందే, అప్పుడే విచ్చుకున్న పువ్వును చేత్తో తుంచి సంచుల్లో నింపుతారు. ఒక కిలో తైలం రావాలంటే సుమారు 3 నుంచి 5 టన్నుల పువ్వు కావాలి. పువ్వులు కోయించిన అనుభవం మీకుంది కనుక, అది ఎన్ని చేతుల పనో నేను చెప్పనక్కరలేదు. మేము మరుసటి రోజు పట్టుబట్టి కజాన్‌లక్‌లోనే గది తీసుకున్నాం. తెల్లవారుజామున ఐదున్నరకు ఒక చేను గట్టున నిలబడ్డాం. మన కడియం పూల మార్కెట్టులో మూటలు విప్పినప్పుడు గుప్పుమనే వాసన ఉంటుంది కదా, అది ఆకాశం కింద మైళ్ల కొద్దీ పరచుకుని ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అందువల్ల కజాన్‌లక్‌లో కనీసం మూడు రాత్రులు ఉండండి. కోత సాధారణంగా మే మధ్యలో మొదలై జూన్ మధ్య వరకు సాగుతుంది. వాతావరణాన్ని బట్టి కొన్ని రోజులు అటూ ఇటూ జరుగుతుంది. 1903 నుంచి జరుగుతున్న గులాబీల పండుగ ప్రధాన వేడుకలు జూన్ మొదటి వారాంతంలో ఉంటాయి. ఆ రెండు మూడు రోజులూ ఊళ్లో గదులు దొరకడం కష్టం. మీకు ఊరేగింపు కన్నా సాగు పద్ధతి ముఖ్యమైతే, పండుగకు వారం ముందు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. కోసేవాళ్లతో మాట్లాడేందుకు వీలుంటుంది, బట్టీ యజమానులకు తీరిక ఉంటుంది. ఊళ్లో గులాబీ మ్యూజియం ఉంది. పాత రాగి బట్టీలను అక్కడ చూడవచ్చు. అత్తరు పంటల పరిశోధనా సంస్థ కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఆ ప్రాంతపు ప్రాచీన జాతి అయిన థ్రేసియన్ల క్రీస్తు పూర్వం 4వ శతాబ్దపు సమాధి యునెస్కో జాబితాలో ఉంది కానీ, సందర్శకులకు సాధారణంగా చూపించేది దాని పక్కనే కట్టిన నమూనాను. ఇది ముందే తెలిస్తే నిరాశ ఉండదు.

దారి సంగతి. రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి దోహా లేదా దుబాయ్ మీదుగా సోఫియా చేరవచ్చు. సోఫియా విమానాశ్రయం టెర్మినల్ 2ను ఆనుకునే మెట్రో స్టేషన్ ఉంది. అందులో సెర్దికా వరకు వెళ్లి, అక్కడ రెండో లైను ఎక్కితే ప్రధాన రైల్వే స్టేషన్‌కు చేరుకుంటారు. దూరప్రాంతాల బస్ స్టేషన్ కూడా దాని పక్కనే. బస్సు త్వరగా చేరుస్తుంది. కానీ కార్లోవో మీదుగా వెళ్లే రైలు మార్గం బాల్కన్ పర్వతాల పాదాల వెంబడే సాగుతుంది, తొందర లేకపోతే దాన్నే ఎంచుకోండి. తిరుగు ప్రయాణంలో ప్లోవ్‌దివ్‌లో రెండు రోజులు ఆగండి. అక్కడి రోమన్ రంగస్థలాన్ని అందరూ చూస్తారు. మనవాళ్లు మాత్రం ఊరి బయటికి వెళ్లి, మారిత్సా నది నీటితో ఆ ప్రాంతంలో పండించే వరిని కూడా చూడాలి. యూరప్‌లో నీళ్లు నిలిచిన వరిమడి కనిపించినప్పుడు నాకు కలిగిన ఆత్మీయతను మాటల్లో పెట్టలేను.

మన రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అక్కడ తెల్లవారుజామున చలి వేస్తుంది. అమ్మగారికి స్వెటరు, తడి గట్ల మీద జారని బూట్లు తప్పనిసరి.

జవాబు (భీమవరం)

వీసా, డబ్బు సంగతి నేను చెబుతాను. ఇంటర్నెట్‌లో కనిపించే పాత సమాచారం చాలావరకు ఇప్పుడు చెల్లదు. బల్గేరియా 2007లోనే యూరోపియన్ యూనియన్‌లో చేరినా, ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి అయిన షెంగెన్ ప్రాంతంలో గాలి, సముద్ర మార్గాలకు 2024 మార్చి 31న, భూమార్గాలకు 2025 జనవరి 1న చేరింది. అందువల్ల మీకు కావలసింది షెంగెన్ వీసా. 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండడానికి అది అనుమతిస్తుంది. దరఖాస్తు రుసుము పెద్దలకు 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం వారి సేవా రుసుము అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల లోపు గడువు మిగిలితే తీసుకోరు. మే నెలకు స్లాట్లు త్వరగా నిండుతాయి కనుక సంక్రాంతి వెళ్లిన వెంటనే పని మొదలుపెట్టండి. మీరు ఎక్కువ రోజులు ఉండేది బల్గేరియాలోనే కాబట్టి దరఖాస్తు కూడా బల్గేరియాకే చేయాలి. స్లాటు సులువుగా దొరికిందని మరో దేశం ద్వారా చేయించే ఏజెంట్ల మాట వినకండి, సరిహద్దులో ప్రశ్నలు ఎదురయ్యేది మీకు, వారికి కాదు.

పాస్‌పోర్టు పదేళ్ల లోపు జారీ అయినదై, తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటు కలిగి, రెండు ఖాళీ పేజీలతో ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చును భరించే ప్రయాణ బీమా ఉండాలి. అమ్మగారి వయసును, మందులను దాచకుండా చెప్పి పాలసీ తీసుకోండి.

ఐటీ రిటర్నుల విషయంలో మీరు బెంగ పెట్టుకోనక్కరలేదు. నర్సరీలో పెంచిన మొక్కల మీద వచ్చేది మన చట్టం ప్రకారం వ్యవసాయ ఆదాయమే, దానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. అయితే దరఖాస్తు చూసే అధికారికి ఆ సంగతి తెలిసి ఉంటుందని అనుకోకూడదు. పట్టాదారు పాసు పుస్తకం నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, చార్టర్డ్ అకౌంటెంట్ రాసిన వివరణ లేఖ జత చేసి, ఎందుకు వెళుతున్నారో, ఎందుకు తప్పక తిరిగి వస్తారో మీరే ఒక పేజీ ఇంగ్లీషులో రాయించి పెట్టండి. మేము చెరువులవాళ్లం, మాకూ రిటర్నులు అంతంత మాత్రమే. దరఖాస్తుకు పది రోజుల ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం వేయడం మాత్రం చేయకండి, మా బంధువుల దరఖాస్తు ఒకటి ఆ కారణంగానే తిరస్కరణకు గురైంది.

లెవాలు ఇప్పుడు కొనకండి. 2026 జనవరి 1 నుంచి బల్గేరియా కరెన్సీ యూరోయే. ఒక యూరోకు 1.95583 లెవాలు అన్న స్థిర మారకంతో పాత డబ్బును మార్చేశారు. ఎవరైనా తెలిసినవారు మిగిలిపోయిన లెవా నోట్లు ఇస్తామంటే, దుకాణాల్లో అవి చెల్లవని గుర్తుంచుకోండి. వాటిని బల్గేరియా జాతీయ బ్యాంకులో మార్చుకోవాలి. బయలుదేరే ముందు మీ కార్డులో అంతర్జాతీయ వాడకాన్ని ఆన్ చేసుకోండి. అక్కడి ఏటీఎం "రూపాయల్లో లెక్కగట్టమంటారా" అని అడిగితే వద్దని నొక్కి, యూరోల్లోనే తీసుకోండి. రూపాయల్లో లెక్కగట్టిన ప్రతిసారీ నష్టపోయేది మనమే.

జవాబు (రాజోలు)

మా అమ్మాయి బల్గేరియాలోని వర్నాలో వైద్యవిద్య చదువుతోంది, రెండుసార్లు వెళ్లి వచ్చాను. అమ్మగారి భోజనం గురించి ధైర్యంగా ఉండండి. "పోస్నో" అన్న ఒక్క మాట నేర్చుకోండి. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస దినాల్లో తినే, మాంసం, గుడ్డు, పాలు లేని వంటకాన్ని అలా అంటారు. హోటల్లో ఆ మాట అంటే వెంటనే అర్థమవుతుంది. "వెజిటేరియన్" అంటే కొందరు చేప తెచ్చి పెడతారు. చిక్కుడు గింజల పులుసు "బొబ్ చోర్బా" అడిగేటప్పుడు "బెజ్ మెసో", అంటే మాంసం లేకుండా, అని చెప్పాలి. టమాటా, కీరదోస ముక్కల మీద తెల్ల జున్ను తురిమిన షోప్‌స్కా సలాడ్ ప్రతిచోటా దొరుకుతుంది. పొద్దున్నే బేకరీల్లో ఘుమఘుమలాడే బానిత్సాలో మాత్రం సాధారణంగా గుడ్డు ఉంటుంది, అమ్మగారికి వద్దు.

పెరుగు విషయంలో మన ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. అక్కడి పెరుగును తోడు పెట్టే సూక్ష్మజీవిని 1905లో స్తామెన్ గ్రిగోరోవ్ అనే బల్గేరియన్ వైద్యుడే కనుగొన్నారు. దానికి ఆ దేశం పేరే పెట్టారు. వారు "ఐర్యన్" అని పలికేది ఉప్పు వేసిన మజ్జిగే. "తరతోర్" చల్లని కీరదోస పెరుగు పచ్చడి అనుకోండి, వెల్లుల్లి ఉంటుంది. చిన్న కరెంటు కుక్కరు, రెండు కిలోల బియ్యం వెంట తీసుకువెళితే, ఆ పెరుగుతో అమ్మగారికి రాత్రి భోజనం సిద్ధమైపోతుంది. సోఫియాలో కుళాయి నీరు తాగవచ్చు. పాత మినరల్ స్నానశాల దగ్గర జనం సీసాల్లో పట్టుకుపోయే వేడి ఊట నీటిని కూడా రుచి చూడండి.

ఇంకొక సంగతి. బల్గేరియన్లు ఔననడానికి తలను అడ్డంగా ఊపుతారు, కాదనడానికి నిలువుగా ఆడిస్తారు. మనం కూడా సరేనని తలను పక్కలకు ఊపుతాం కాబట్టి మొదటిది మనకు వింతగా తోచదు, చిక్కంతా రెండోదానితోనే. విదేశీయులతో మాట్లాడేటప్పుడు కొందరు మన కోసమని తిప్పి ఊపుతారు, అప్పుడు ఇంకా అయోమయం. తలను చూడకుండా నోటి మాట వినండి: "ద" అంటే ఔను, "నె" అంటే కాదు. అమ్మగారి మందుల గురించి ఫార్మసీలో అడిగేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

బోర్డుల మీది సిరిలిక్ అక్షరాలు 30. కొన్ని ఇంగ్లీషు రూపంలో ఉండి వేరే శబ్దం పలుకుతాయి: బి ఆకారం "వ", హెచ్ ఆకారం "న", పి ఆకారం "ర", సి ఆకారం "స". ఇంగ్లీషు కళ్లకు "బి ఏ పి హెచ్ ఏ" లా కనిపించే ఊరి పేరును "వర్నా" అని చదవాలి. ఈ నాలుగూ వచ్చాక బస్సు బోర్డులు సగం చదవగలుగుతారు. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి. వేసవిలో వారి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు (కడియపులంక)

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సోఫియా బసను రద్దు చేయించి, కజాన్‌లక్‌లో నాలుగు రాత్రులకు గది అడిగాను. మరొక్క సందేహం. ఆ గులాబీ కొమ్మలు నాలుగు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుని అంటు కట్టవచ్చా? ఇక్కడి నుంచి ఆవకాయ, నెయ్యి, కరివేపాకు తీసుకువెళ్లవచ్చా?

జవాబు (వేమగిరి, మొక్కల ఎగుమతిదారు)

తమ్ముడూ, కొమ్మలు తేవద్దు. మొక్కల దిగుమతిపై 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, ముందుగా మన దేశపు దిగుమతి అనుమతి, అక్కడి అధికారుల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా నాటే కొమ్మను తేకూడదు. నీ సంచిలో వచ్చిన ఒక్క తెగులు కడియం మండలంలోని నర్సరీలన్నిటినీ ముంచవచ్చు. పైగా ఆ డమాస్క్ గులాబీ ఏడాదికి ఒక్కసారే పూస్తుంది, బాగా పూయాలంటే దానికి చలికాలం కావాలి. మన లంక నేలలో ఆకులు వేసినా పువ్వు ఆశించినట్టు రాదు. ప్రయోగం చేయాలన్న తపన ఉంటే హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్ పరిశోధనా సంస్థ విడుదల చేసిన జ్వాల, హిమ్‌రోజ్ రకాల కోసం వారికి రాయి. అవి మన దేశంలోనే ఉన్నాయి.

తీసుకువెళ్లేవాటిలో నెయ్యి, పాలకోవా, పెరుగు వద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి ప్రయాణికులు మాంసాన్ని, పాల పదార్థాలను తీసుకురావడం నిషిద్ధం. పచ్చి కరివేపాకుకు, మామిడి పండ్లకు ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. కొబ్బరికాయకు, అరటిపండుకు ఆ పత్రం అవసరం లేదని వారి నిబంధనల్లోనే ఉంది. ఆవకాయను గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి, చెక్-ఇన్ సామానులో వేసుకో.