అమ్మ నడుము నొప్పికి చైరోప్రాక్టర్: 30 సిట్టింగుల ప్యాకేజీ కట్టాలా?

ఫ్రిస్కో_శిరీష: అమ్మ ఒంగోలు నుంచి టెక్సస్‌లో మా ఇంటికి వచ్చి మూడు వారాలైంది. వయసు 68. విమానం దిగిన దగ్గర్నుంచీ నడుము నొప్పి. దగ్గర్లో ఒక చైరోప్రాక్టిక్ క్లినిక్‌లో (వెన్నుపూసల్ని చేత్తో నొక్కి సరిచేస్తామనే చోటు) ఉచితంగా ఎక్స్‌రే తీసి, పూస జరిగింది, 30 సిట్టింగులు కావాలి, డబ్బు ముందే కడితే తగ్గిస్తాం అన్నారు. ఇంకో చోట ఏ రోజు డబ్బు ఆ రోజే. విజిటర్ ఇన్సూరెన్స్ ఇవ్వదట. ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఆస్టిన్_బాబాయ్: ధైర్యంగా తీసుకెళ్లమ్మా. పదేళ్లు నొప్పితో ఉన్నాను. డాక్టర్లు మాత్రలు తప్ప ఏమీ ఇవ్వలేదు. చైరోప్రాక్టర్ మూడో సిట్టింగులో నొక్కితే టక్‌మని పూస చోట్లోకి వచ్చింది. ఆ రాత్రే హాయిగా నిద్రపోయాను.

బెజవాడ_ఫిజియో: ఆ టక్ శబ్దం పూస కదిలినందుకు రాదండీ. కీలు మధ్య ద్రవంలో గ్యాస్ బుడగ వల్ల వస్తుంది. వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే. శిరీష గారూ, అమ్మగారికి బోన్ డెన్సిటీ పరీక్ష, అంటే ఎముకల గట్టిదనం చూసేది, ఎప్పుడైనా చేయించారా?

ఆస్టిన్_బాబాయ్: అంటే నేను అబద్ధం చెబుతున్నానా? నా నడుములో జరిగింది నాకు తెలియదా?

నెల్లూరు77: పుత్తూరు కట్టు కట్టించండి.

బెజవాడ_ఫిజియో: అది విరిగిన ఎముకకి కట్టేది, ఇక్కడ సంగతి వేరు.

ప్లేనో_బిల్లింగ్: ముందు లైసెన్స్ చూడండి. టెక్సస్‌లో చైరోప్రాక్టర్లకి రాష్ట్ర బోర్డు ఉంది, పేరు కొడితే వస్తుంది. 30కి ముందే కట్టొద్దు. నాలుగైదు సిట్టింగుల్లో తేడా లేకపోతే ఆపేసే వీలుండాలి.

ఆస్టిన్_బాబాయ్: నాకు 22 పట్టాయి. ఐదుకే ఆపితే ఈరోజు నడిచేవాణ్ణి కాదు. శబ్దం సంగతి ఇంకా తేలలేదు. బుడగ పగిలితే పదేళ్ల నొప్పి ఎలా పోతుంది?

బెజవాడ_ఫిజియో: మీకు తగ్గలేదని నేను అనలేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2017లో నడుము నొప్పికి మందులకన్నా ముందు చూడమన్న వాటిలో వేడి కాపడం, మసాజ్‌తో పాటు ఈ స్పైనల్ మ్యానిప్యులేషన్, అంటే వెన్నుపూసల్ని చేత్తో నొక్కడం, కూడా ఉంది. నా భయం అమ్మగారి ఎముకల గురించి.

ఆస్టిన్_బాబాయ్: మీ ఫిజియోలు కరెంటు మిషన్ పెట్టి, అరగంట పడుకోమని చెప్పి వెళ్లిపోతారు. బిల్లు మాత్రం పూర్తిగా వేస్తారు. మా తమ్ముడికి రెండు నెలలు అదే చేశారు.

బెజవాడ_ఫిజియో: అలా చేసేవాళ్లు ఉన్నారు, కాదనను.

ఫ్రిస్కో_శిరీష: ఎక్స్‌రే తీశారు కదా, ఎముక బలం అందులో తెలియదా?

బెజవాడ_ఫిజియో: ఎముక బాగా గుల్లబారితే గానీ మామూలు ఎక్స్‌రేలో కనబడదు. డెక్సా స్కాన్ కావాలి, నేనడిగిన బోన్ డెన్సిటీ పరీక్ష అదే. ఎప్పుడైనా పడ్డారా? స్టెరాయిడ్ మాత్రలు వాడారా?

ఫ్రిస్కో_శిరీష: రెండేళ్ల కింద బాత్రూమ్‌లో జారి మణికట్టు విరిగింది. క్లినిక్ ఫారమ్ నేనే నింపాను. నడుముకి సంబంధం లేదనుకుని రాయలేదు. వాళ్లూ అడగలేదు.

బెజవాడ_ఫిజియో: స్కాన్ అయ్యేదాకా నడుం మీద ఎవరినీ గట్టిగా నొక్కనివ్వకండి. ఆ వయసులో నిలబడ్డ ఎత్తు నుంచి పడి మణికట్టు విరిగిందంటే వెన్నుపూసలూ బలహీనంగా ఉండొచ్చు.

ఆస్టిన్_బాబాయ్: మళ్లీ భయపెట్టడం! మీకు చైరోప్రాక్టర్లంటే పడదు, అదొక్కటే.

బెజవాడ_ఫిజియో: బాబాయ్ గారూ, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక పెద్దావిడ నడుము నొప్పితో వచ్చింది. ఆస్తమాకి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడింది. నేను అడగలేదు. నొక్కాను. పూస నలిగిపోయింది, మూడు నెలలు మంచం మీదే ఉంది. నొక్కింది చైరోప్రాక్టర్ కాదు, నేను. అందుకే అడుగుతున్నాను.

ఆస్టిన్_బాబాయ్: (మర్నాడు) రాత్రి చదివాను. నా సంగతీ చెబుతాను. నలుగురు డాక్టర్లు చూశారు. ఒక్కరూ నా వీపు మీద చెయ్యి వేయలేదు. స్కాన్ బాగుంది, టెన్షన్ తగ్గించుకో అన్నారు. ఇంట్లో కూడా నొప్పి ఉందంటే నమ్మడం మానేశారు. ఆ చైరోప్రాక్టర్ మొదటిరోజు గంటసేపు విన్నాడు, ఎక్కడ నొప్పో చేత్తో వెతికాడు. ఎవరైనా ఆయన్ని తక్కువ చేస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు.

బెజవాడ_ఫిజియో: అలా వినే మనిషి దొరికితే వదలొద్దనే నేనూ చెబుతాను. కానీ వినడంతో పాటు అడగాలి కూడా.

ప్లేనో_బిల్లింగ్: స్కాన్ బాగుంటే ఏ రోజుకారోజు కట్టే చోటికే వెళ్లండి. చేత్తో ఒక్కసారిగా నొక్కొద్దని ముందే చెప్పండి. యాక్టివేటర్ అనే చిన్న పరికరంతో మెల్లగా తట్టే పద్ధతి ఉంటుంది.

బెజవాడ_ఫిజియో: కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా ఆ గంటలోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఫ్రిస్కో_శిరీష: అవేవీ లేవు. ప్యాకేజీ వద్దని క్లినిక్‌కి ఫోన్ చేశాను. గురువారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, డెక్సా రాయించుకుంటాను. మణికట్టు విషయం అమ్మే చెబుతానంది.

ఆస్టిన్_బాబాయ్: మంచి పని చేశావమ్మా. రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టు. శబ్దం మీద మాత్రం నేను ఒప్పుకోలేదు.