సుందోపసుందులలో ఒక్కడే చనిపోయి ఉంటే?

కరకట్ట (చర్చ ప్రారంభం):
సమఉజ్జీలైన ఇద్దరు తమలో తాము కొట్టుకొని నశిస్తే దానిని సుందోపసుంద న్యాయం అంటాము. ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే అయినా, ఆదిపర్వంలోని కథను ఈ మధ్య మళ్లీ నిదానంగా చదివినప్పుడు నాకొక సందేహం కలిగింది. కథను క్లుప్తంగా గుర్తు చేస్తాను. హిరణ్యకశిపుని వంశంలో పుట్టిన నికుంభుని కొడుకులు సుందుడు, ఉపసుందుడు. వింధ్య పర్వతం మీద తపస్సు చేసి బ్రహ్మను మెప్పించారు. అమరత్వం మాత్రం ఇవ్వనని, చావుకు ఏదో ఒక దారి ఉంచుకొని కోరుకొమ్మని ఆయన చెప్పినప్పుడు, మూడు లోకాలలోని చరాచరాలలో దేనివల్లా తమకు భయం ఉండకూడదని, తమలో ఒకరివల్ల మరొకరికి తప్ప, అని అడిగి వరం పుచ్చుకున్నారు. ఆ తరువాత లోకాలను అల్లకల్లోలం చేశారు. చివరికి బ్రహ్మ ఆజ్ఞతో విశ్వకర్మ తిలోత్తమను సృష్టించగా, ఆమె కోసం ఒకరినొకరు గదలతో మోదుకొని ఇద్దరూ చనిపోయారు.

సుందుణ్ణి చంపగలవాడు ఉపసుందుడు ఒక్కడే, ఉపసుందుణ్ణి చంపగలవాడు సుందుడు ఒక్కడే. మరి ఒకడు పడిపోయి రెండవవాడు ప్రాణాలతో మిగిలి ఉంటే, వాణ్ణి చంపగల ఏకైక ప్రాణి అప్పటికే పోయినట్లు కదా? బ్రహ్మ ఇవ్వనన్న అమరత్వం ఆ మిగిలినవాడికి దొడ్డిదారిన దక్కేది. ఎత్తుగడ సగమే ఫలిస్తే దేవతలకు సగం మేలు కాదు, మునుపటికంటే పెద్ద ముప్పు. ఇద్దరూ ఒకేసారి చావడం వారి సమానత్వం నుంచి తప్పనిసరిగా వచ్చిన ఫలితమా, లేక కథకుడు తన సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటా?

తాటాకు:
సౌకర్యం అనడానికి నేను ఒప్పుకోను, కరకట్ట గారూ. ఒకరిని విడిచి ఒకరు తినేవారు కాదని, ఒకే స్వభావంతో, ఒకే నడవడితో, ఒక్క మనిషినే రెండుగా చేసినట్లు ఉండేవారని కథ మొదట్లోనే ఉంది. తపస్సు ఒకటే, వరం ఒకటే, రాజ్యం ఒకటే, ఆఖరికి ఆ రోజు తాగిన మత్తు కూడా ఒకటే. పూచిన చెట్ల మధ్య, వింధ్య సానువు మీద చదునైన రాతినేల. ఏటి ఒడ్డున ఒంటి ఎర్రచీరతో కొండగోగు పూలు కోసుకుంటూ తిలోత్తమ వస్తుంది. సుందుడు ఆమె కుడిచేయి పట్టుకుంటాడు, ఉపసుందుడు ఎడమచేయి పట్టుకుంటాడు. ఈమె నా భార్య, నీకు పెద్దదిక్కు అని అన్న అంటాడు. నా భార్య, నీకు కోడలి వరస అని తమ్ముడు అంటాడు. చేతులు పట్టుకోవడంలోనూ, పలికిన వాక్యంలోనూ కథకుడు త్రాసు ముల్లును ఇటూ అటూ కదలనివ్వలేదు. దెబ్బలోనే తేడా రావాలని మనం ఎందుకు ఆశించాలి?

గదాపాణి:
తాటాకు గారు చెప్పిన సాదృశ్యాలన్నీ నిజమే, వాటి నుంచి వారు తీసిన ముగింపు మాత్రం నిలవదు. బలం సమానమైతే ఇద్దరూ చావాలని ఏమీ లేదు. సమానుల పోరు సాధారణంగా తెగదు, అంతే. భీమ జరాసంధుల మల్లయుద్ధాన్ని చూడండి. భారతంలో అది కార్తిక మాసం మొదటి రోజున మొదలై రాత్రింబవళ్లు సాగి, చతుర్దశి నాటికి గాని జరాసంధుడు అలసిపోలేదు. భాగవతం దానిని 27 రోజులకు పెంచి, శిక్షణలో, బలంలో, తేజస్సులో ఇద్దరూ సమానులని నోరు తెరిచి చెప్పింది. అందులో గదలు వారి శరీరాలకు తగిలి జిల్లేడు కొమ్మల్లా విరిగిపోతాయి. చివరికి కృష్ణుడు ఒక కొమ్మను చీల్చి సంకేతం ఇస్తే తప్ప ఫలితం తేలలేదు. పైగా రెండు ముక్కలుగా పుట్టి అతుక్కున్న శరీరం జరాసంధుడిది. భీముడికి ఆ బలహీనత లేదు.

భీమ దుర్యోధనుల గదాయుద్ధం మన ప్రశ్నకు ఇంకా దగ్గరగా వస్తుంది. ఇద్దరూ బలరాముని శిష్యులే, ఇద్దరి మీదా తనకు సమానమైన ప్రేమ ఉందని ఆయనే అన్నాడు. బలం భీముడిదని, నేర్పు దుర్యోధనుడిదని, భీముణ్ణి చంపాలన్న పట్టుదలతో ఇనుప బొమ్మ మీద 13 ఏళ్లు సాధన చేశాడని శల్యపర్వంలో కృష్ణుడు చెబుతాడు. బొడ్డుకు దిగువన కొట్టకూడదన్న నియమం ఇద్దరికీ ఉమ్మడి కవచం. తొడ ఇద్దరికీ ఉంది, అది విరిగే ఎముకే, కాని నియమం ఉన్నంతసేపు ఇద్దరి తొడలూ అభేద్యాలే. అర్జునుడు తన ఎడమ తొడ చరిచి సైగ చేశాక భీముడు ఆ ఉమ్మడి కవచాన్ని పక్కకు నెట్టాడు, దుర్యోధనుడు పడిపోయాడు. ఉమ్మడి రక్షణ ఉన్న చోట దానిని ముందు వదిలేసినవాడిది పైచేయి అవుతుంది గాని, ఇద్దరూ ఒకే క్షణంలో పడిపోరు.

ఇక సుందోపసుందుల పోరు ఎంతసేపు సాగింది? ఒకటి రెండు శ్లోకాలు. రోజులు లేవు, పట్లు లేవు, అలసట లేదు. దీనికి నాకు తోచిన కారణం వేరు. వరం పొందిన నాటి నుంచి ఆ అన్నదమ్ములకు ఏ దెబ్బా తగలలేదు. మునుల శాపాలు సైతం బండరాయి మీద పడిన బాణాల్లా వ్యర్థమయ్యాయని కథలోనే ఉంది. గాయమంటే ఏమిటో మరచిపోయినవాడు కాచుకోవడం కూడా మరచిపోతాడు. వారి గదలకు కొట్టడమే అలవాటు, అడ్డుకోవడం అలవాటు లేదు. అన్ని ఏళ్ల తరువాత తమను గాయపరచగల మొదటి దెబ్బ ఎదురైనప్పుడు ఇద్దరూ ఎత్తిన గదలతో నిలబడ్డారు తప్ప, ఇద్దరిలో ఒక్కడూ పక్కకు తప్పుకోలేదు. చంపింది వారి సమానత్వం కాదు, ఇద్దరికీ సమానంగా ఉన్న అజాగ్రత్త.

పెరటి జామ:
గదాపాణి గారి వాదన బాగుంది. మా అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడు నేను కూడా కరకట్ట గారు అడిగినదే అడిగాను. ఒకే కంచంలో తిన్నవాళ్లకు రెండోవాడి చేయి ఎటు వస్తుందో చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదురా, అందుకే చూడలేదు, అని ఆమె జవాబు. అప్పుడు అది మాట దాటవేయడం అనుకున్నాను.

ఇంకొక మాట. టీవీ చర్చల్లో రెండు పార్టీలవారు తిట్టుకున్న ప్రతిసారీ సుందోపసుంద న్యాయం అంటున్నారు. పుట్టినప్పటి నుంచి శత్రువులైనవారికి ఆ పోలిక కుదరదు. నిన్నటిదాకా విడదీయరానివారై ఉండాలి.

కరకట్ట:
గదాపాణి గారూ, కాచుకోవడం మరచిపోయారన్న మాటను ఒప్పుకుంటున్నాను, నా సందేహంలో సగం దానితో తీరింది. మిగిలిన సగం బ్రహ్మ గురించి. ఈ వంశం సంగతి ఆయనకు బాగా తెలుసు. ఇంటా బయటా, పగలూ రాత్రీ అని హిరణ్యకశిపుడు పెద్ద జాబితా రాయించుకున్నాడు, ఆ జాబితాలోని సందుల్లోంచే చావు వచ్చింది. మనవల తరం ఆ పాఠం నేర్చుకొని జాబితా జోలికి పోకుండా ఒకే ఒక్క మినహాయింపు పెట్టుకుంది, అదీ తాము ఎన్నటికీ జరగదనుకున్నది. వరం రాత పరంగా చూస్తే ఇది తాతల వరం కంటే ఎంతో పకడ్బందీది. అటువంటి వరానికి విరుగుడుగా పంపిన ఎత్తు, ఒక్క గద ఒక్క క్షణం ముందు పడితే తిరగబడేదని బ్రహ్మకు తెలియదా? తిలోత్తమ కూడా చరాచరాలలోనిదే, ఆమె వల్ల వారికి ముప్పు వచ్చింది కాబట్టి వరమే తప్పిందని కూడా ఎవరైనా వాదించవచ్చు. నేను మాత్రం ఆ వాదన చేయను, ఆమె చేసింది పూలు కోయడమే.

తాటాకు:
తెలిసే ఉంటుంది. వధించమని దేవతలు, మునులు మొర పెట్టుకున్నప్పుడు ఆయన కొంతసేపు ఆలోచించాకనే విశ్వకర్మను పిలిచాడని ఉంది. అయితే మీ ప్రశ్నకు జవాబు బ్రహ్మ దగ్గర కాదు, కథ వింటున్నవారి దగ్గర దొరుకుతుంది. ఈ కథను నారదుడు చెప్పింది పాండవులకు. అయిదుగురు అన్నదమ్ములు, ఒక్క ద్రౌపది. కథలో సుందుడు బతికి తిలోత్తమను దక్కించుకొని ఉంటే, గెలిచినవాడికి ఆమె దక్కుతుందన్న అర్థం ఆ అయిదుగురిలో ఎవరి చెవికైనా ఎక్కవచ్చు. ఇద్దరూ చచ్చి, ఆమె ఎవరికీ దక్కకుండా వెళ్లిపోతేనే నారదుని పని నెరవేరుతుంది. అది నెరవేరింది కూడా. ఒకరు ద్రౌపదితో ఏకాంతంలో ఉండగా చూసిన మరొకరు 12 ఏళ్లు బ్రహ్మచర్యంతో అడవిలో ఉండాలని వారు అక్కడికక్కడే ఒప్పందం చేసుకున్నారు. ఒక బ్రాహ్మణుని ఆవులను దొంగల నుంచి విడిపించడానికి ఆయుధాల కోసం ధర్మరాజు ఉన్న గదిలోకి వెళ్లి, ఆ నియమాన్ని మీరినవాడు అర్జునుడే. అన్నగారు పోనీలే అన్నా వినకుండా అడవికి వెళ్లాడు. కాబట్టి కథకుని సౌకర్యం అన్న మీ మొదటి మాటను, సౌకర్యం బదులు అవసరం అని మార్చి నేను ఒప్పుకుంటాను.

గదాపాణి:
అలా మారిస్తే నాకూ అభ్యంతరం లేదు. ఒక చిన్న సంగతి మాత్రం చేరుస్తాను. పని ముగించుకొని వచ్చిన తిలోత్తమకు బ్రహ్మ ఇచ్చిన వరాన్ని చాలామంది చదవకుండా దాటేస్తారు. సూర్యుడు తిరిగే లోకాలలో ఆమె తిరుగుతుంది, ఆమె తేజస్సు వల్ల ఆమెను ఎవరూ తేరిపార చూడలేరు. ఈసారి ఆ వరంలో మినహాయింపు ఏదీ పెట్టలేదు.