ఆటలో పడిపోయినవాడు చచ్చినట్టా, మూర్ఛిల్లినట్టా?

ప్రశ్న:

‘చిల్డ్రన్ ఆఫ్ మోర్టా’ అనే వీడియో గేమ్‌లో కథ చెప్పే వాక్యాలను తెలుగులో రాసుకుంటున్నాను. మా తమ్ముడూ నేనూ కలిసి ఆడుతుంటే అమ్మ పక్కన కూర్చుని చూస్తుంది. బొమ్మలు ఆమెకు నచ్చాయి కానీ ఇంగ్లీషు కథనం అందడం లేదు. ఆమె కోసమే ఈ పని.

ఆట తెలియనివారికి రెండు మాటలు. డెడ్ మేజ్ అనే సంస్థ దీన్ని తయారు చేసింది. పోలండ్‌కు చెందిన లెవెన్ బిట్ స్టూడియోస్ 2019లో విడుదల చేసింది. మోర్టా అనే కొండకు కాపలాగా ఉన్న బెర్గ్‌సన్ కుటుంబం కథ ఇది. తండ్రి జాన్ కత్తీ డాలూ పట్టుకుంటాడు, పెద్ద కూతురు లిండా విల్లు ఎక్కుపెడుతుంది, చిన్నపిల్ల లూసీ నిప్పులు కురిపిస్తుంది. గుహల్లోకి దిగిన ప్రతిసారీ దారులు మారిపోతాయి. ఓడితే మళ్లీ ఇంటి దగ్గర తేలతారు. అప్పుడు ఇంట్లో ఏదో ఒక చిన్న దృశ్యం, దాని వెంట కథకుడి గంభీరమైన గొంతు.

నా ఇబ్బంది ఇదీ. జాన్ గుహలో పడిపోయినప్పుడు ‘మరణించాడు’ అని రాస్తే, మరుక్షణం ఇంట్లో నిలబడి కనిపిస్తాడు. ‘చచ్చాడు’ అని రాద్దామంటే ఇంటి పెద్దను ఆ మాట అనడానికి చెయ్యి రావడం లేదు. ఏ క్రియ వాడమంటారు? అలాగే గుహలోకి ఒకసారి వెళ్లి రావడాన్ని ఏమనాలి?

వ్యాఖ్య:

వీరుడు కదండీ, ‘నేలకొరిగాడు’ అనండి. గంభీరంగా ఉంటుంది.

వ్యాఖ్య:

పదేపదే ఓడి మళ్లీ వెళ్తున్నారంటే అవి గజినీ మహమ్మదు దండయాత్రలే. ‘మొదటి దండయాత్ర’, ‘రెండో దండయాత్ర’ అనవచ్చు. ఇంతకీ ఈ రకం ఆటలను రోగ్‌లైక్ అంటారు కదా, దాన్ని ‘ధూర్తసమం’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు:

ముందు చివరి మాట తేల్చుకుందాం. అందులో రోగ్ విశేషణం కాదండీ, ఒక ఆట పేరు. కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే విద్యార్థులు 1980 ప్రాంతంలో రాసిన ఆట అది. తరువాత కెన్ ఆర్నాల్డ్ వారితో కలిశాడు. తెర మీద బొమ్మలుండవు, అన్నీ అక్షరాలే. ఈమెయిలు చిరునామా మధ్యలో పెట్టే గుర్తే అందులో కథానాయకుడు, ఇంగ్లీషు పెద్ద అక్షరాలు రాక్షసులు. ప్రతిసారీ గదులూ దారులూ కంప్యూటరే కొత్తగా అల్లుతుంది. చస్తే దాచుకున్న ఆట కూడా చెరిగిపోతుంది. దాని పోకడలో వచ్చినవి కాబట్టి ‘రోగ్ తరహా ఆటలు’ అంటే సరిపోతుంది. ఊరి పేరునూ మనిషి పేరునూ అనువదించం కదా.

దండయాత్ర నాకు ఒప్పుదల కాలేదు. పరాయి రాజ్యం మీద పడితే దండయాత్ర. బెర్గ్‌సన్‌లు తమ కొండను తాము కాపాడుకుంటున్నారు. గజినీ పేరు చెప్పగానే, పరీక్ష తప్పి మళ్లీ మళ్లీ రాసేవాణ్ని ఆటపట్టించే ధోరణి కూడా తోడొస్తుంది. ఈ కథ అంత తేలికది కాదు. ‘నేలకొరిగాడు’ ఇంకా చిక్కు. పత్రికల్లో ఆ మాట వచ్చిందంటే మనిషి లేడనే అర్థం. మీ అమ్మగారు జాన్ పోయాడనే అనుకుంటారు.

ఇక అసలు సంగతి. మీరు ‘చచ్చాడు’ దగ్గర ఆగిపోయారు కానీ, తెలుగువాళ్ల ఆటల్లో చావు ఎప్పుడు శాశ్వతంగా ఉంది? అష్టాచెమ్మా చూడండి. ఎదుటివారి కాయ ఉన్న గడిలోకి మన కాయ వెళ్తే దాన్ని చంపినట్టు. చచ్చిన కాయను పారేయరు, అది దాని ఇంటికి పోతుంది. గవ్వలు వేసి మళ్లీ మొదటి నుంచి నడిపించాలి. నడిగడికి చేరితే ‘పండింది’ అంటారు. ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గళ్లలోకి రానివ్వని ఇళ్లూ ఉన్నాయి. చెడుగుడూ అంతే. కూతకు వెళ్లినవాడు ఒకరిని తాకి గీత దాటి వచ్చాడంటే, అవతల ఒకడు చచ్చినట్టు, ఇవతల అంతకుముందు చచ్చినవాడు బతికినట్టు. ‘నేను చచ్చాను, నువ్వు నన్ను బతికించు’ అని పిల్లలు అరుచుకుంటుంటే ఏ తల్లీ ఉలిక్కిపడదు.

అందుచేత ఆడేవారి నోట ‘చచ్చాను’ నూటికి నూరుపాళ్లు సరైన మాట. మీరూ మీ తమ్ముడూ ‘చచ్చాన్రా, లిండాతో వస్తా ఉండు’ అనుకుంటే అందులో సరిదిద్దవలసింది ఏమీ లేదు. చస్తే దాచుకున్న ఆట కూడా పోయే పద్ధతిని ఇంగ్లీషులో పర్మడెత్ అంటారు. దానికి ‘శాశ్వత మరణం’ అనే మాట తగిలించడం కొన్నిచోట్ల చూశాను. మరణమన్నాక శాశ్వతం కానిదేది? ‘ఒకే ప్రాణం’ అంటే చాలు. ‘ఈ ఆటలో ఒకే ప్రాణం’ అని చెప్పండి, పదేళ్ల పిల్లవాడికీ తెలుస్తుంది.

కథకుడి సంగతి వేరు. అతను ఆటగాడు కాడు, బెర్గ్‌సన్‌లను దగ్గరగా ఎరిగినవాడిలా మాట్లాడతాడు. అతని నోట ‘చచ్చాడు’ కుదరదు, ‘మరణించాడు’ అబద్ధం అవుతుంది. కానీ మన యుద్ధ కథల్లో ఈ స్థితికి ఏనాడో మాట ఉంది: మూర్ఛిల్లడం. దెబ్బ తిన్న వీరుడు రథం మీద మూర్ఛిల్లుతాడు, సారథి అతణ్ని రణరంగం నుంచి దూరంగా తీసుకుపోతాడు, తేరుకున్నాక వీరుడు మళ్లీ వచ్చి పోరాడతాడు. మన పురాణ కథలు విన్నవారికి ఇది కొత్త కాదు. మోర్టాలో జరిగేదీ అదే. పడిపోయినవాణ్ని ఇంటికి చేరుస్తారు, సంపాదించిన నాణేలు పోవు, వాటితో ఇంట్లోనే ఆయుధాల పదును పెంచుకుని మళ్లీ బయలుదేరతారు. కాబట్టి ‘జాన్ మూర్ఛిల్లాడు’, ‘జాన్ తేరుకున్నాడు’. ఈ రెండు క్రియలూ జంటగా ఉండాలి. ఒకటి వాడి రెండోది వదిలేస్తే సగమే చెప్పినట్టు.

వెళ్లి రావడానికి ‘విడత’ నాకు నచ్చుతుంది. ‘ఈ విడత లూసీని తీసుకెళ్దాం’, ‘మొన్నటి విడతలో బాగా నాణేలు దొరికాయి’ అని పలికి చూడండి. నోటికి అడ్డం పడదు.

వ్యాఖ్య:

విడత అంటే వాయిదా డబ్బు, ఎన్నికల దశ గుర్తొస్తాయి. చెడుగుడు మీరే ఎత్తారు కాబట్టి ‘కూత’ ఎందుకు కాకూడదు? గీత దాటి శత్రువుల మధ్యకు వెళ్లడం, దొరికింది అందుకుని తిరిగి రావడం, ఊపిరి ఉన్నంతసేపే ఆట. అచ్చంగా ఇదే కదా! ఇక ‘మూర్ఛిల్లాడు’ హరికథలో మాటలా ఉంది. ‘స్పృహ తప్పింది’ అంటే పోయేదానికి అంత బరువు దేనికి?

జవాబు:

కూత చాలా మంచి మాట. నాకూ తీపిగానే ఉంది. కానీ కూతకు ఒక్కడే వెళ్తాడు. ఈ ఆటలో ఇద్దరు కలిసి వెళ్లవచ్చు. విడుదలైనప్పుడు ఒకే తెర ముందు ఇద్దరు కూర్చుని ఆడేవారు, ఆన్‌లైన్‌లో కలిసి ఆడే వీలు తరువాత వచ్చింది. ఇద్దరూ ఒకే కూతలో ఉన్నారంటే చెడుగుడు తెలిసినవారెవరూ ఒప్పుకోరు. ఒంటరిగా ఆడే ఆట గురించి రాసేటప్పుడు మాత్రం నిస్సంకోచంగా వాడండి, నేనూ వాడతాను. ఇద్దరు ఆడేదాన్ని ‘సహకార క్రీడ’ అనకండి, పాల సంఘం గుర్తొస్తుంది. ‘జోడీ ఆట’ చాలు.

‘స్పృహ తప్పింది’ ఎండదెబ్బకు బస్టాండులో పడిపోయినవారి గురించి రాసే మాట. కథకుడు తాపీగా, పెద్దరికంతో, ఒక వంశం కథ చెబుతున్నాడు. ఆ గొంతుకు కొంచెం హరికథ ఛాయ ఉంటే నష్టమేమీ లేదు.

గొంతు మాట వచ్చింది కాబట్టి మరొకటి. అతని వాక్యాలకు ‘ట’ చేర్చకండి. ‘జాన్ నిద్రపోలేదట’ అంటే ఎవరో చెప్పగా విన్నాననే అర్థం. ఈ కథకుడికి వాళ్ల మనసుల్లో మెదిలేది కూడా తెలుసు. ‘జాన్ ఆ రాత్రి నిద్రపోలేదు’ అని ఖాయంగా చెప్పాలి.

పిలుపులూ చూసుకోండి. లూసీ చిన్నది, లిండాను పేరు పెట్టి పిలవదు, ‘అక్కా’ అంటుంది. ఇంగ్లీషులో ‘అంకుల్ బెన్’ అని ఒక్క మాటతో దాటిపోవచ్చు, తెలుగులో ఆ వీలు లేదు. బాబాయా, పెదనాన్నా, మామయ్యా అన్నది మొదటి వాక్యం రాయకముందే తేల్చుకుని, చివరిదాకా దాన్నే ఉంచాలి.

ప్రశ్న వేసినవారు:

చాలా సంతోషమండీ. ‘జాన్ మూర్ఛిల్లాడు. తేరుకునేసరికి ఇంట్లో ఉన్నాడు’ అని రాసి అమ్మకు చదివి వినిపించాను, ‘హమ్మయ్య’ అంది. ఇంకొక్కటే మిగిలింది. కొండను కమ్ముకునే ఆ కీడును ఆటలో కరప్షన్ అంటారు. నిఘంటువు తెరిస్తే ‘అవినీతి’ కనిపిస్తోంది!

జవాబు:

అవినీతి అంటే లంచాలే గుర్తొస్తాయి, అది ఇక్కడ అక్కరకు రాదు. ‘కల్మషం’ మనసుకు సంబంధించిన మాటగా స్థిరపడింది. నేనైతే ‘చీడ’ అంటాను. పైరుకు పట్టినట్టే అదీ ఒకచోట మొదలై కొండంతా పాకుతుంది, ఆకు మీదా వేరు మీదా కనిపిస్తుంది, ఎవరో ఒకరు వదిలించాలి. పైగా ఈ ఆటలో ఒకే మనిషిని వరసగా పంపుతూ ఉంటే ఆ కీడు అతనికీ అంటుకుని సత్తువ తగ్గుతుంది. కొంతకాలం ఇంట్లో ఉంచి మరొకరిని పంపాలి. ‘జాన్‌కు చీడ సోకింది, ఈసారి లిండాను పంపుదాం’ అంటే కథా ఆటా రెండూ ఒకే వాక్యంలో ఇమిడిపోతాయి. ఏ మాట ఎంచుకున్నా దాన్నే చివరిదాకా వాడండి. ఒకచోట చీడ, మరోచోట కల్మషం అని రాస్తే అవి రెండు వేర్వేరు శత్రువులనుకుంటారు మీ అమ్మగారు.