పడమటి గాజు గోడ పక్కన ఏసీ ఎందుకు చాలడం లేదు?

ప్రశ్న:
ఆఫీసులో నా సీటు పడమటి వైపు. నేల నుంచి పైకప్పు దాకా గాజే. మూడు దాటిందంటే ఎడమ భుజం చురచురమంటుంది. ఏసీ 23 చూపిస్తుంటుంది, అవతలి వరసవాళ్లేమో స్వెటర్లు వేసుకుంటారు. లోపల బ్లైండ్స్ దించినా పెద్ద తేడా లేదు. ఇంకో ఏసీ పెట్టిద్దామంటున్నారు మేనేజరు. నిజంగా తప్పు ఏసీదేనా?

జవాబు:
తప్పు గాజుదండీ. పదకొండేళ్లుగా ఫసాడ్ (భవనాల బయటి గోడలు, గాజులు) పనిలో ఉన్నాను, ప్రతి సైటులో ఇదే మొత్తుకుంటాను. ఏసీ చల్లబరిచేది గాలిని. మన ఒంటికి తెలిసే వేడిలో దాదాపు సగం చుట్టూ ఉన్న గోడలు, గాజుల నుంచి వస్తుంది. ఇలాంటి గదిలోనే ఒకసారి కొలిచాను: గాలి 24 డిగ్రీలు, ఎదురు గోడ 27, గాజు లోపలి వైపు 41. దానికి తోడు నేరుగా పడే ఎండ.

బ్లైండ్‌కి తగిలేసరికే ఎండ గదిలోకి వచ్చేసినట్టు. అక్కడ వేడిగా మారాక గాజు దాన్ని తిరిగి బయటికి పోనివ్వదు. అందుకే నీడ బయటే ఉండాలి. సాయంత్రం ఎండ బాగా కిందకి వాలి వస్తుంది, సజ్జా దాన్ని ఆపలేదు. నిలువు ఫిన్స్ (గాజు బయట నిలబెట్టే పలకలు) గానీ బయటి షట్టర్లు గానీ కావాలి.

లె కార్బూజియే అంతటి పేరున్న ఆర్కిటెక్ట్‌కే ఈ దెబ్బ తగిలింది. పారిస్‌లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ కోసం ఆయన కట్టిన సితే ద రఫ్యూజ్ అనే ఆశ్రయ భవనాన్ని 1933లో తెరిచారు. దక్షిణాన తెరుచుకోని గాజు గోడ. అనుకున్న కూలింగ్ ఏర్పాటు పెట్టనేలేదు. వేసవిలో లోపలివాళ్లు ఉడికిపోయారు. చివరికి తెరిచే కిటికీలు, బయట నీడ పలకలు పెట్టాల్సి వచ్చింది.

మరొకరు:
బయట ఏమీ బిగించనివ్వకపోతే? గాజుకి ఎండ తగ్గించే ఫిల్మ్ అతికిస్తే చాలదా?

జవాబు:
కొంత పనిచేస్తుంది. ఎస్‌హెచ్‌జీసీ అంకె చూడండి, ఎండ వేడిలో ఎంత వంతు లోపలికొస్తుందో అది చెబుతుంది. సాదా గాజుకి 0.8 దాకా ఉంటుంది, మంచి సోలార్ కంట్రోల్ గాజుకి 0.3 లోపే. మరీ నల్లటి ఫిల్మ్ మాత్రం వద్దు, పట్టపగలు లైట్లు వేసుకోవాల్సి వస్తుంది, అదీ కరెంటే కదా. డబుల్ గ్లాసైతే ముందు తయారీదారుని అడగండి, వేడి పెరిగి గాజు పగలొచ్చు.

అడిగినవారు:
ఈరోజు నాలుగింటికి గాజుకి అరచెయ్యి ఆనించాను. జ్వరం ఒంటిలా ఉంది. మేనేజరు గారిని పిలిచి ఆయన చేత కూడా పెట్టించాను. కొత్త ఏసీ మాట ఇప్పటికి ఆపుదామన్నారు.